పెద్దమ్మ కోసం ఆగని తాళం

ఈ సాయంత్రం సాతంరాయిలో, మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. మా కూడికల్లో పెద్దమ్మ ఒక లైను పాడుతుంది, మిగిలినవాళ్లం అదే లైను అందుకుంటాం. ఇవాళ తమ్ముడు కొత్త కీబోర్డు తెచ్చి, దానంతట అదే తాళం వేసే మీట నొక్కాడు. పెద్దమ్మ ఊపిరి పీల్చుకునేలోపే తాళం ముందుకు పోయింది. ఆమె పాట ఆపేసింది.

"జర జల్ది పాడు పెద్దమ్మా, మిషన్ ఆగదు," అన్నాడు తమ్ముడు.

"దానికి ఊపిరి అక్కర లేదు బిడ్డా, నాకు కావాలె. అది బంద్ చేస్తెనే పాడుత."

తమ్ముడు బంద్ చేశాడు. పెద్దమ్మ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మేం చప్పట్లతో తాళం వేస్తూ, ఆమె దమ్ము తీసుకున్న చోటల్లా అందరం ఆగాం.

వచ్చే వారం కూడా మాకు చప్పట్లే తాళం. మీ ఇంట్లో ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారు?