కొలువెక్కిన జపాన్ ముసలమ్మ

మా హాల్లో ఒక గాజు బీరువా ఉంది. దాన్నిండా జపాన్ నుంచి వచ్చిన వస్తువులే. అన్నీ ఒకే సినిమావి. ఆ సినిమా మాత్రం జపాన్‌ది కాదు, అచ్చంగా మన తెలుగుదే. మూడు భాగాలుగా వచ్చింది; కోటలూ గుర్రాలూ కత్తులూ ఉన్న భారీ సినిమా. పేరు చెప్పను. చెబితే మీరు వెంటనే మా హీరో గొప్పా మీ హీరో గొప్పా అని మొదలుపెడతారు, నేను చెప్పాలనుకున్నది గాలికి పోతుంది.

నేను యానాంలో పుట్టాను. చదువుకోసం పుదుచ్చేరి వచ్చి, ఇక్కడే ఉద్యోగం చూసుకుని, ఇక్కడే పెళ్లి చేసుకున్నాను. మా అత్తవారిది ఎన్నో తరాల కిందట ఇక్కడ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. ఇల్లు అరియాంకుప్పంలో. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదవడం, రాయడం తమిళంలోనే. పెళ్లైన కొత్తలో నా గోదావరి తెలుగు మా అత్తకు సగం, ఆమె తెలుగు నాకు సగం అర్థమయ్యేవి. సినిమా హాల్లో మాత్రం ఇద్దరికీ ఒకేసారి ఏడుపు వచ్చేది. మొదటి భాగానికి ఇంటిల్లిపాదీ వెళ్లాం. గుర్రాలు సముద్రంలోకి దిగే చోట మా మామగారు నోట్లో వేళ్లు పెట్టి విజిల్ వేస్తే, మా అత్త సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

రెండో భాగంలో ఒక పాటను మా పుదుచ్చేరిలోనే తీశారు. సముద్రానికి దగ్గర్లో ఉన్న పసుపు గోడల వీధుల్ని పాత రేవు పట్నంలా చూపించారు. ఒక ఆదివారం సాయంత్రం ఆ వీధిలో నడుస్తుంటే, టోపీ పెట్టుకున్న ఒక జపాన్ ఆవిడ కనబడింది. నా వయసే ఉంటుంది. చేతిలో ఫోటో పట్టుకుని గోడకేసి చూస్తూ ఒకడుగు ముందుకు, ఒకడుగు వెనక్కి వేస్తోంది. దారి తప్పిందేమో అని దగ్గరికి వెళ్లాను. ఆ ఫోటోలో మా హీరో! అదే గోడ ముందు, అదే కిటికీ పక్కన. "అయ్యో, మన సినిమా!" అనేశాను తెలుగులో.

ఆవిడ గిరుక్కున తిరిగి, "మీరు తెలుగువారా?" అంది. తెలుగులో! ప్రతి అక్షరమూ ఇస్త్రీ చేసినట్టు విడివిడిగా పలికింది.

ఈ ఊళ్లో బస్సెక్కినా, కూరగాయలు కొన్నా తమిళమే. వీధిలో ఒకరు నన్ను తెలుగులో పలకరించి ఎన్నాళ్లయిందో. తీరా పలకరించింది జపాన్ మనిషి. వాళ్ల ఊరి థియేటర్లో మొదటి భాగం చూశాక, తెర కింద పడే అక్షరాల మీద ఆధారపడకుండా సినిమా చూడాలని తెలుగు నేర్చుకుంటోందట. వెళ్తూ వెళ్తూ సంచీలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. కొత్త సినిమా వస్తోందంటే వాళ్ల థియేటర్లలో అలాంటి కాగితాలు ఊరికే తీసుకెళ్లమని పెడతారట.

నేను తట్టాంచావడిలో సీసా మూతలు చేసే ఒక చిన్న ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేస్తాను. మూతల్ని వెలుతురుకు పట్టి చూసి, బాగాలేనివి ఏరి పడేయడం నా పని. తప్పులు వెతకడం ఎంత అలవాటైపోయిందంటే, ఎవరైనా పెళ్లి శుభలేఖ ఇస్తే ముందు అంచులు చూస్తాను. ఆ కాగితాన్ని ట్యూబులైటు కింద పెట్టి ఎంత వెతికినా ఒక్క తప్పు దొరకలేదు. రంగు మీద రంగు వెంట్రుకవాసి కూడా జరగలేదు. పైన సినిమా పేరు తెలుగు లిపిలో ఉంది. కొమ్ములూ దీర్ఘాలూ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఊరికే పంచే కాగితానికి ఇంత శ్రద్ధా అని చాలాసేపు దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

అప్పట్నుంచి మా ఇద్దరి మధ్య పార్సిళ్లు నడుస్తున్నాయి. నేను గాజులూ, చించిన టికెట్లూ, విడుదల రోజు పేపర్లో వచ్చిన ప్రకటనలూ పంపుతాను. ఆవిడ హీరో బొమ్మ ఉన్న విసనకర్ర పంపుతుంది, చొక్కాకు పెట్టుకునే బిళ్లలు పంపుతుంది, అద్దంలాంటి ప్లాస్టిక్ పలక మీద అచ్చేసి నిలబెట్టుకునే చిన్న బొమ్మలు పంపుతుంది. ఒకసారి వాళ్ల థియేటర్లో అమ్మే పుస్తకం పంపింది. సినిమాలో ఎవరు ఎవరికి ఏమవుతారో అందులో వంశవృక్షం గీశారు. బొట్టు ఎందుకు పెట్టుకుంటారో, పెద్దల కాళ్లకు ఎందుకు దండం పెడతారో వివరించారు. గుర్రానికి తర్ఫీదు ఇచ్చిన మనిషికి కూడా అందులో చోటుంది. ఆవిడ తన దగ్గరున్న పుస్తకం చూసి ఫోన్లో ఒక్కో పేజీ తెలుగు చేసి చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. మనం ఈలలు వేసి మర్చిపోయే సినిమాను ఎక్కడో అంత దూరాన పాఠంలా చదువుకుంటున్నారు!

అందుకే నేను ఏదీ విప్పను. వచ్చింది వచ్చినట్టు సీలుతో సహా గాజు బీరువాలో పెడతాను. వేలిముద్ర పడితే నా ప్రాణం పోతుంది. మా ఆయనకు ఇదంతా తమాషా. "బొమ్మ తెప్పించుకొని డబ్బా చూస్తా కూచుంటావేంది? ఇంక మామిడిపండు కొని బుట్ట నాకుతా కూచో!" అంటాడు.

మూడో భాగం రాకముందే మా మామగారు పోయారు. ఆయనతోపాటు మా ఇంట్లో బొమ్మల కొలువూ పోయింది. నవరాత్రులు వస్తే మా అత్త పెట్టే కొలువుకు వీధంతా వచ్చేది. చావు జరిగిన ఏడు పెట్టకూడదన్నారు, సరే అనుకున్నాం. మరుసటి ఏడు కూడా ఆమె అటక వైపు చూడలేదు. "అదంతా సుమంగళులు చేసేదమ్మా. వచ్చినోళ్లకు కుంకుమ ఎవురిచ్చేది? నా చేత్తో ఎవురు తీసుకుంటారు?" అంది. ఎవరు రాశారు ఈ రూలు అని నేను గొంతు చించుకున్నాను. కొలువు నేను పెడతాను, మీరు పక్కన కూర్చుని చెప్పండి అన్నాను. ఆమె బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. బొమ్మలు పెట్టని నవరాత్రుల్లో మా అత్త ఏదో ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టు ఓ మూల కూర్చునేది. అది చూడలేకపోయేదాన్ని. ఆమె మళ్లీ కొలువు ముందు నిలబడుతుందా లేదా అన్నదే ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క బెంగ.

మూడో ఏడు నవరాత్రుల ముందు జపాన్ నుంచి ఒక పార్సిల్ వస్తోందని తెలిసింది. మామూలు పార్సిల్ కాదు. మా సినిమాలో ఒక ముసలావిడ ఉంది. తెల్లచీర, బోసి నుదురు, చేతిలో కోట తాళాలగుత్తి. మొదటి రెండు భాగాల్లో వెనకాల నిలబడుతుందంతే. మూడో భాగంలో తాళాలు ఇవ్వనని శత్రువు ముందు నిలబడుతుంది. మన దగ్గర హీరో తాళంచెవి గొలుసులు బస్టాండులో కూడా దొరుకుతాయి గానీ, ఆమె బొమ్మ చేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. జపాన్ వాళ్లకు వచ్చింది. కొన్ని మాత్రమే చేశారట. మా స్నేహితురాలు తనకొకటి, నాకొకటి సంపాదించింది.

ఆ రోజు ఫ్యాక్టరీ నుంచి ఇంటికొచ్చేసరికి వంటింటి గట్టు మీద డబ్బా ముక్కలు కనబడ్డాయి. సీలు, లోపలి ప్లాస్టిక్ తొడుగు, రంగు అట్ట అన్నిటినీ చేపలు కోసే కత్తెరతో కత్తిరించి పెట్టింది మా అత్త. బొమ్మ బియ్యం పోసిన పళ్లెంలో నిలబడి ఉంది.

"ఎవరు విప్పమన్నారండీ మిమ్మల్ని?" అని అరిచాను. అత్తగారి మీద అంత గొంతు ఎప్పుడూ ఎత్తలేదు.

ఆమె బెదరలేదు. "అట్ట మీద బొమ్మ ఉండాది. పండగ ముందర వచ్చుండాది. వద్దంటావుంటే నాకు చెప్పకుండా కొలు బొమ్మ తెప్పిస్తివే అని నాకు కోపం వచ్చె. వాపసు పంపించేద్దామనే అనుకుంటిని. అయినా చేతికొచ్చిన బొమ్మను పగులుందా లేదా చూడకుండా ఎట్ల ఉండేది?" అంది.

కొత్త బొమ్మ ఇంటికొస్తే మా అత్తవారింట్లో పద్ధతి అది. బియ్యంలో నిలబెట్టి, కళ్లు మూసుకుని తల నుంచి పాదం దాకా వేళ్లతో తడుముతారు. పగులున్న బొమ్మ కొలువు ఎక్కకూడదు. కళ్లు మోసపోతాయిగానీ వేళ్లు మోసపోవంటుంది మా అత్త.

"ఇట్రా. కాలు చూడు," అని బొమ్మను వెల్లకిలా నా చేతిలో పెట్టింది. "పగులనుకుంటిని. పగులు కాదు ఇది."

చీర కుచ్చిళ్ల కింద, పైనుంచి చూస్తే కనబడని చోట, పాదాలున్నాయి. మడమల మీద పగుళ్లు ఉన్నాయి. రెండో వేలు చుట్టూ సన్నని గాడి. నేను దాన్ని వెలుతురుకు పట్టాను. అచ్చు రెండు సగాలు కలిసే చోట పడే అతుకు గీత కాదు; అలాంటి గీతలు నాకు నిద్రలో కూడా తెలుస్తాయి. ఎవరో కావాలని చెక్కిన గాడి. మరో కాలికి కూడా ఉంది.

"మెట్టెలు తీసేసిన జాడ," అంది మా అత్త. చీర కొంచెం పైకి లాగి తన పాదం చూపించింది. రెండో వేలు చుట్టూ అదే గాడి, అదే వాలు. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో తిరుగుతున్నాను, నేనెప్పుడూ చూడలేదు. "ఎన్నేండ్లు ఏసుకున్నా కదా, పోలేదు. అంత దూరంలో ఉండేవాళ్లకు ఇది యాడ తెలిసె?"

కోపం ఎటుపోయిందో తెలియదు. ఎవరో ఒక మనిషి, మన ఊరు చూడని మనిషి, ఎవరూ తిప్పి చూడని చోట, భర్త పోయిన ఒక ఆడదాని కాలివేలి గాడిని అంత శ్రద్ధగా చెక్కారు. ఆ సాయంత్రమే స్నేహితురాలికి మెసేజ్ పెట్టాను. బొమ్మ చెక్కింది ఒక స్త్రీ అనీ, కోట మెట్ల దగ్గర ముసలావిడ కాళ్లు కడుక్కునే చోట చూసి చెక్కిందనీ జవాబు వచ్చింది. ఆ సన్నివేశం నాకు తెలుసు. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ పక్కనే గుర్రం దిగుతున్న హీరోనే చూశాను. తప్పులు పట్టే ఉద్యోగం చేస్తున్నాను కదా అని నా కళ్ల మీద నాకు భలే గర్వం ఉండేది. దానికి ఆ రోజుతో గాలి పోయింది.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ మా అత్త, "అటక మీద ట్రంకు దించమను వాణ్ని," అంది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే ఎక్కడ మనసు మారుతుందోనని భయం. మా ఆయన కూడా వేళాకోళం చేయకుండా నిచ్చెన తెచ్చాడు.

మెట్లు కట్టి, తెల్ల దుప్పటి పరిచి, దేవుళ్లనూ, చెట్టియారు దంపతుల బొమ్మలనూ, పెళ్లి బాజాల వాళ్లనూ ఆమె చెప్పిన చోటల్లా నేను పెట్టాను. జపాన్ ముసలమ్మను మాత్రం తనే తీసుకుని అందరికీ కనబడేలా మధ్య మెట్టు మీద నిలబెట్టింది. దీపం వెలిగించగానే ఆ తెల్లచీర మడతల్లోకి వెలుగు జారింది. డబ్బాలో ఉండిపోయి ఉంటే ఆ మొహంలో ఇంత ఓర్పు ఉందని నాకు ఎన్నటికీ తెలిసేది కాదు. బీరువాలోని మిగతావన్నీ గాజు వెనకనుంచి తొంగి చూస్తున్నట్టు అనిపించి నవ్వొచ్చింది.

సాయంత్రానికి పేరంటాళ్లు వచ్చారు. పక్కింటి పెద్దావిడ అందరికంటే ముందు కూర్చుంది. మా అత్తకు వరసకు అక్క అవుతుంది. నుదుట రూపాయంత కుంకుమ, మాటలో ఎప్పుడూ కాస్త అధికారం. పాటయ్యాక, సుండల్ గుగ్గిళ్ల గిన్నె ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు సవరించుకుని మధ్య మెట్టు వైపు చూసింది.

"ఇదేంది, బొట్టులేని బొమ్మను కొలులో పెట్టినావు?" అంది.

నాకు నాలుక చివర దాకా మాట వచ్చింది. మా అత్త నా చెయ్యి నొక్కి ఆపింది.

"ఆమె చేతిలో తాళాలు చూడక్కా. ఇల్లు కాచేది ఆమే. ఆమెను బయట నిలబెట్టి లోపల పండగ ఎట్ల చేసేది?" అంది నెమ్మదిగా.

పెద్దావిడ మళ్లీ ఆ తాళాలగుత్తి వైపు చూసింది. సుండల్ తినడం ముగించి, చెయ్యి కడుక్కుని, వెళ్లడానికి లేచింది. తాంబూలం పళ్లెం నా చేతిలో ఉంది. కుంకుమ నేనే ఇవ్వాలని ముందే అనుకున్నాం. నేను ఒకడుగు వేసేలోపు మా అత్త నా చేతిలోంచి పళ్లెం తీసుకుంది. కుంకుమ భరిణలో వేలు అద్ది, ఆవిడ ముందు నిలబడింది. ఆ వేలు గాలిలోనే ఆగింది.

అక్కడున్న ఆడవాళ్లందరూ పెద్దావిడ వైపు చూశారు. ఆవిడ మా అత్త మొహం చూసింది, వేలు చూసింది. తర్వాత కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని, తల వంచి నుదురు ముందుకు పెట్టింది.

మా అత్త పెట్టిన బొట్టు కొంచెం పక్కకు పోయింది. పెద్దావిడ దాన్ని సరిచేసుకోలేదు. తాంబూలం కొంగులో కట్టుకుని, ఆ వంకర బొట్టుతోనే వీధిలోకి నడిచి వెళ్లింది.