కూల్చిన ఇంటికి కట్టిన బిల్లు

ఆ వీధిలో ఆమెను బిల్లులక్కయ్య అనేవారు. కరెంటుదో, నీళ్ళదో, ఎవరికి ఏ బిల్లు వచ్చినా కట్టిపెట్టమని ఆమె చేతికే ఇచ్చేవారు. ఒక్కసారైనా గడువు దాటించిన పాపాన పోలేదు. "నన్నైనా మరిచిపోతుంది గానీ బిల్లు మరిచిపోదు" అని భర్త నవ్వేవాడు. ఆ మాటకు ఆమె లోలోపల పొంగిపోయేది.

పాత ఇల్లు పడగొట్టి కొత్తది మొదలుపెట్టారు. మీటరు కూడా ఊడదీసేశారు. సిమెంటు కలిపే మిషనుకూ, నీటి మోటారుకూ కరెంటు లేదు. పక్కింట్లో ఒంటరిగా బట్టలు కుట్టుకుని బతికే దర్జీ, అడగకముందే గోడ మీదుగా వైరు అందించింది.

"ఇల్లు పూర్తయ్యేదాకా నీ బిల్లు మొత్తం నాది చెల్లీ. నువ్వు ఆ ఊసే ఎత్తకు" అంది బిల్లులక్కయ్య.

మాట తప్పే మనిషి కాదు. దర్జీ బిల్లు రావడం ఆలస్యం, కాగితం మీద అంకె చూసుకుని, ఫోనులో కరెంటు అని ఉన్నచోట నొక్కి కట్టేసేది. ఏళ్ళ తరబడి అలవాటైన వేలు. ఇంక చూసే పనేముంది?

రెండో నెల బిల్లు పట్టుకుని దర్జీ గోడ దగ్గరికి వచ్చింది. "అక్కయ్యా, ఇందులో పాత బాకీ అని వేశారు. ఒకసారి చూస్తారా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మన బిల్లులక్కయ్య. తాపీ మేస్త్రీలందరూ వింటుండగా ఒంటికాలి మీద లేచింది. "నేను కట్టానన్నాక కట్టినట్టే! వాళ్ళ కంప్యూటర్లకు మతి లేకపోతే నన్ను అనుమానిస్తావా?"

దర్జీ మొహం చిన్నబోయింది. కాగితం మడిచి కొంగులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత బాకీ ఊసెత్తలేదు. ఆ అంకె మాత్రం నెలనెలా పెరిగింది. దాన్ని చూసినప్పుడల్లా బిల్లులక్కయ్య కరెంటాఫీసును తిట్టి, ఆ నెలది మాత్రమే కట్టేది.

ఒక ఉదయం లైన్‌మన్ వచ్చి దర్జీ ఇంటికి కరెంటు తీసేశాడు. కుట్టుమిషను ఆగింది. వెంటనే గోడకివతల సిమెంటు మిషనూ ఆగింది. బిల్లులక్కయ్య ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"కళ్ళు కనిపించడం లేదా నీకు? ఇవిగో రసీదులు!"

అతను ఫోను తీసుకుని, దర్జీ కాగితం పక్కన పెట్టి చూశాడు. "డబ్బు కట్టారమ్మా, నిజమే. కానీ ఈ నంబరు ఈమెది కాదు. ఎవరిదిది?"

ఆమె చూసింది. పాత గుమ్మం పక్కన పెయింటుతో రాయించిన తన ఇంటి నంబరు అది. ఫోనులో కరెంటు అని ఉన్నదీ అదే. గోడ పోయింది, మీటరు పోయింది, ఆ నంబరు రద్దు చేయించాలని మాత్రం ఆమెకు తట్టలేదు. ఇన్నాళ్ళూ లేని ఇంటికి కరెంటు బిల్లు కట్టింది.

వీధి వీధంతా చూస్తోంది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది. తల తీసేసినట్టయింది. మతి లేనిది కంప్యూటర్లకు కాదు.

అక్కడికక్కడే బాకీ అంతా కట్టింది. అయినా కరెంటు మర్నాటికి గానీ రాదన్నాడు లైన్‌మన్. దర్జీ గదిలో స్కూలు యూనిఫారాలు సగం కుట్టి కుప్పగా ఉన్నాయి. సాయంత్రానికి ఇవ్వాలి. బిల్లులక్కయ్య కిటికీ దగ్గర కూర్చుని గుండీలు కుట్టసాగింది. తీరా సాయంత్రం స్కూలు మనిషి వచ్చి, అయినవి తీసుకుని మిగతా గుడ్డంతా వేరే కొట్టుకు పట్టుకుపోయాడు.

"ఆ బాకీ సంగతి మళ్ళీ ఎందుకు అడగలేదే?" అంది బిల్లులక్కయ్య.

"కట్టానన్నారుగా అక్కయ్యా. మళ్ళీ అడిగితే మిమ్మల్ని నా నోటితో దొంగ అన్నట్టవుతుందని..."

ఆమెకు ఏడుపొచ్చింది. తాను మాత్రం ఆ పిల్లను నలుగురిలో ఎన్నేసి మాటలంది!

మర్నాడు పొద్దున్నే కరెంటొచ్చింది. దర్జీ గదిలో కుట్టడానికి గుడ్డ లేదు, మిషను మీద ముసుగు వేసి ఉంది. గోడవతల నుంచి వైరు మళ్ళీ ఇటు వచ్చింది, వెనకే ఆమె గొంతు.

"అక్కయ్యా, అందుకోండి. నిన్నంతా మీ పని ఆగిపోయింది పాపం."

బిల్లులక్కయ్య గోడ పక్కనే నిలబడి ఉంది. చెయ్యి చాచలేకపోయింది.