నీళ్ళ గిన్నె దాచిన వేసవి

మొన్న పక్క వాటాలో వాళ్ళ కుక్క హాల్లో మూత్రం పోస్తే, ఆ ఇంటి కోడలు కసరనైనా కసరకుండా, దానికి ఒంట్లో బాగోలేదేమోనని ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. అది చూశాక నాకు అన్నం సయించలేదు. నాకు రాత రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది, నా ఈడువాళ్ళకైనా అర్థమవుతుందని.

ఊరొదిలి ఉత్తరాదికి పోయి, ఆదిత్యపూర్‌ ఫ్యాక్టరీలో మా ఆయన లేతు మిషను మీద పనిచేసే రోజుల్లో, పక్కనే గమ్హరియాలో ఉండే మా వైపు తోటి పనివాడి ఇంట్లో పుట్టిన అల్సేషియన్ పిల్లను సంచిలో వేసుకుని తెచ్చాడు. రాణి అని పిలిచేవాళ్ళం. మా ఆయన చెయ్యి ఆగేది కాదు, కూరలో ఉప్పు తగ్గినా బెల్టు తీసేవాడు. ఏడాది తిరిగేసరికి, ఒక సాయంత్రం రాణి మా ఇద్దరి మధ్యకీ దూకి ఆయన మణికట్టు కరిచి పట్టుకుంది. ఆనాటి నుంచి నా వీపుకు దెబ్బలు తప్పాయి.

రెండో వేసవిలో అది బకెట్లకు బకెట్లు నీళ్ళు తాగడం, తాగిందంతా ఇంట్లోనే పోయడం మొదలుపెట్టింది, వంటింట్లో, మంచం కింద, ఒకసారి దేవుడి పీట ముందు కూడా. మా ఆయనకు సందు దొరికింది.

"ఏటే, ఇల్లనుకున్నావేటి, మురికి కాలవనుకున్నావేటి?" అని మంచం కోడుకు కట్టేసి బెల్టు తెగేదాకా కొట్టాడు. గోడకు నెత్తురు చిందింది. అడ్డుపడాల్సినదాన్ని నేను, తాగబట్టే కదా ఈ దెబ్బలని నీళ్ళ గిన్నె అటక మీద దాచేశాను. పూటకొక గ్లాసుడే పోసేదాన్ని. కాలవ నీళ్ళు నాకబోతే చీపురు తిరగేసి మూతి మీద నేనూ కొట్టాను. చిక్కిపోతోందని మా ఊరి నుంచి వచ్చిన ఎండుచేపలు అన్నంలో కలిపి పెట్టాను. ఉప్పుచేపలు పెట్టి నీళ్ళు దాచానమ్మా.

కాళ్ళు పడిపోయాక గానీ పశువుల డాక్టరుకు చూపించలేదు. ఆయన రక్తం పరీక్ష చేయించి, దీనికి పుట్టుకతోనే మూత్రపిండాలు సరిగా లేవు, తల్లి నుంచి వచ్చిన రోగం, నీళ్ళ మీదే ఇన్నాళ్ళు బతికింది, ఇక చెయ్యి దాటిపోయిందన్నాడు.

మా ఆయన తిన్నగా గమ్హరియా పోయి ఆ తోటి పనివాడి కాలరు పట్టుకున్నాడు. "దాని తల్లీ ఇలాగే సచ్చిపోనాది. నువ్వడిగినావేటి?" అన్నాడట వాడు. మా ఆయన వాడి రెండు పళ్ళు రాలగొట్టి, చొక్కా నిండా నెత్తురుతో ఇంటికొచ్చాడు.

"ఆడి పళ్ళు రాలగొట్టినావు, సరే. మరి మనల్ని ఎవులు కొట్టాల?" అన్నాను. పెళ్ళయ్యాక ఎదురు మాట్లాడడం అదే మొదలు. చెయ్యెత్తాడు. గోనెపట్టా మీది రాణి లేవలేక, ముందుకాళ్ళతో దేకుతూ వచ్చి, ఊపిరి చాలని గొంతుతో గుర్రుమంది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తెల్లారేసరికి రాణి పోయింది. తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ నా మీద చెయ్యి చేసుకోలేదు.

ఇప్పటివాళ్ళు కుక్కకైనా పిల్లకైనా ఏమైందని ముందు అడుగుతున్నారు. మా రోజుల్లో ముందు దెబ్బ పడేది. తెలియక చేశాం అంటారు నా తోటివాళ్ళు, నేనూ అలాగే అనేదాన్ని. దెబ్బలు తప్పిద్దామనే గిన్నె దాచానని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. అది నిజం కాదు. రాణిని కొట్టడం అయ్యాక ఆయన నా వైపు తిరుగుతాడేమోనని దాచాను.