కరెంటు మంచిగనే వస్తాంది

మొన్న ఆదివారం చర్చి నుంచి ఇంటికి వస్తుంటే, మట్టెవాడలో మా గల్లీ మలుపు దగ్గర ఎవరో నడివయసు మనిషి పాత మోటారు సైకిలు మీద కిక్కు మీద కిక్కు కొడుతున్నాడు. బండి స్టార్టవుతోంది, కాసేపు పొగ వదిలి టప్పుమని ఆగిపోతోంది. ఆ చప్పుడు వింటే చాలు, రోగమేమిటో నాకు తెలిసిపోతుంది. కాయిల్ చూసుకోమని చెబుదామనుకున్నాను గానీ, ఆ మాట పలకడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు నోరు రాలేదు.

మా తరం వాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో పాత బండి కొనడమంటే దాని జబ్బులన్నీ కొనుక్కోవడమే. నేనూ, నా స్నేహితుడూ ఒకే పత్తి సేటు దగ్గర పనిలో కుదిరాం. వాళ్ళు గుడికి వెళ్ళేవాళ్ళు, మేము చర్చికి వెళ్ళేవాళ్ళం, చుట్టరికం ఏమీ లేదు, అయినా చిన్నప్పటి నుంచీ బావా అంటే బావా అనుకుంటూ ఎవరింట్లో వండితే ఆ ఇంట్లో తినేవాళ్ళం. ఇద్దరివీ ఒకే రకం బండ్లు. పొద్దున్నే వరంగల్‌లో బయలుదేరి, వేలం మొదలయ్యేలోగా కేసముద్రం యార్డుకు చేరి, వచ్చిన పత్తిని చేత్తో పిసికి చూసి సేటుకు కబురు చెయ్యాలి. సీజను అయిపోయాక ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటానని సేటు ముందే చెప్పాడు. నాన్న పోయిన ఇంటికి పెద్దకొడుకుని నేను. ఆ ఉద్యోగం మీదే మా ఇల్లంతా ఆశ పెట్టుకుంది.

ఆ ఏడు దసరాకు బావ వాళ్ళ ఇంటి ముందు బండి విప్పి కడుగుతుంటే, ఊడదీసిన టాంకు పట్టుకుని పక్కన నిలబడింది నేనే. వాళ్ళమ్మ పసుపు కుంకుమల గిన్నె తెచ్చి, హెడ్‌లైటుకూ చక్రాలకూ పెట్టింది చాలక, టాంకు కింద దాక్కుని ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్‌కు కూడా బొట్టు పెట్టింది. ఎవరికీ కనపడని దానికి బొట్టెందుకమ్మా అని నేను నవ్వితే, పని చేసేది అదే కదా అని ఆమె కూడా నవ్వింది.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకు బావ బండి మొరాయించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒక ఆదివారం, నేను చర్చిలో ఉండగా, సర్వీసు చేసి పెడతానని నా బండి తీసుకెళ్ళాడు. అప్పటినుంచీ వాడి బండి గుర్రంలా పరుగెత్తింది, నా బండికి జబ్బు పట్టుకుంది. ఇంట్లో ఒక్క కిక్కుకే స్టార్టయ్యేది, కొంతదూరం వెళ్ళి వేడెక్కగానే మిస్సింగ్ కొట్టేది, ఎత్తు వస్తే పికప్ లేక ఆయాసపడేది, చివరికి ఆగిపోయేది. చల్లారాక మళ్ళీ ఏమీ ఎరగనట్టు లేచేది. ప్లగ్గు మార్చాను, పాయింట్లు రుద్దాను, కార్బొరేటర్ కడిగాను, సైలెన్సరులో మసి కాల్చాను. పెట్రోలు బంకు వాణ్ణి కూడా తిట్టుకున్నాను.

దారిలో ఆగినప్పుడల్లా కరెంటు చూసేవాళ్ళం. ప్లగ్గు విప్పి ఇంజను హెడ్డుకు ఆనించి ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు కిక్కు కొట్టాలి, రవ్వ వచ్చిందో లేదో పట్టుకున్నవాడు చెప్పాలి. బరువున్న మనిషిని కాబట్టి కిక్కు ఎప్పుడూ నాదే. బావ కింద కూర్చుని, ఎండకు రవ్వ కనపడదని అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాడు.

"కరెంటు మంచిగనే వస్తాంది బావా, నువ్వు ఫికర్ జెయ్యకు. కార్బొరేటర్ల కచరా ఉన్నట్టుంది" అనేవాడు. అని, మార్కెట్టుకు ఆలస్యమవుతుందని తన బండెక్కి ముందు వెళ్ళిపోయేవాడు. నేను వెనక చెమటలు కక్కుతూ మళ్ళీ కార్బొరేటర్ విప్పేవాణ్ణి.

సేటు స్వయంగా యార్డుకు వస్తానన్న రోజున నా బండి నెక్కొండ దాటాక ఆగిపోయింది. బావ ఆ రోజు నాకన్నా ముందే వెళ్ళిపోయాడు. ఒంటరిగా చింతచెట్టు నీడలోకి తోసుకుని, ప్లగ్గును తీగతో హెడ్డుకు కట్టి, కిక్కు చేత్తో నొక్కి మొదటిసారి నా కళ్ళతో చూశాను. నీలంగా చిటపటలాడాల్సిన రవ్వ ఎర్రగా, పీలగా, వచ్చీరానట్టు వచ్చింది. టాంకు ఊడదీశాను. కింద ఉన్న కాయిల్ మీద, మసి పట్టి ఎండిన పసుపు, మధ్యలో కుంకుమ. మా అమ్మ బండి ముందు ప్రార్థన చేయించిందే గాని బొట్టు ఎన్నడూ పెట్టలేదు.

నేను చేరేసరికి వేలం అయిపోయింది. సేటు పక్కన బావ నిలబడి ఉన్నాడు. వేళకు వచ్చేవాడే తనకు కావాలన్నాడు సేటు, అంతే. బావ నా వైపు చూడలేదు.

సాయంత్రం ఆ కాయిల్ విప్పి చేతిలో పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అడగాల్సిన మాటలన్నీ దారంతా అనుకుంటూనే వెళ్ళాను. బావ లేడు, వాళ్ళమ్మ ఉంది. నా చేతిలోది చూసి, "ఇది మా బండిది గదా బిడ్డా, బొట్టు నేనే పెట్టిన. నీ దగ్గరికెట్ల వచ్చింది?" అంది.

ఇద్దరం మార్చుకున్నామని చెప్పి, కాయిల్ అరుగు మీద పెట్టి వచ్చేశాను. మర్నాటికి నా కాయిల్ మా గుమ్మం దగ్గర గుడ్డలో చుట్టి ఉంది. మనిషి మాత్రం రాలేదు, ఈనాటికీ రాలేదు. నన్ను అడిగి ఉంటే ఇచ్చేసేవాణ్ణి, అదే నాకు మండుతుంది.

ఇప్పుడు మా మనవరాలి స్కూటరుకు కిక్కే లేదు. చెడితే షోరూములో కంప్యూటరుకు తగిలిస్తారు, ఏం పోయిందో అదే చెబుతుంది. ఒకరు ప్లగ్గు పట్టుకుంటే ఒకరు కిక్కు కొట్టే కాలం వెళ్ళిపోయింది. ఒకప్పుడు బావ చెబితే వంగి కూడా చూడని మనిషిని నేను. ఇప్పుడు గ్యాసు పొయ్యి కట్టేశానని మా ఆవిడ చెప్పినా లేచి వెళ్ళి చూసి వస్తాను. ఆమె పక్కకు జరిగి దారి ఇస్తుంది.