మిగిల్చిన చుక్క

కంటి ఆపరేషన్ అయ్యాక రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వేసుకుంటున్నాను. నిన్నటితో మందు అయిపోవచ్చింది. చల్లటి చుక్క కంట్లో పడి చెంప మీదికి జారుతుండగానే, అడుగున ఇంకొక్కటి ఉంచి మూత బిగించేశాను. మా అమ్మాయి "ఫేంక్ దో నా, అమ్మా!" అని విసుక్కుంది. పారెయ్యడానికి నాకు చెయ్యి రాదు. ఆ అలవాటు అప్పన్న బాబాయ్ చేసింది.

ఎనభైల మొదట్లో జంషెడ్‌పూర్‌లో ఒక ఉక్కు పరీక్షల ల్యాబులో చేరాను. అప్పన్న బాబాయ్ అక్కడ సీనియర్ టెక్నీషియన్. టెక్కలి వైపు మనిషి. సీతారాండేరాలో మా వీధిలోనే కాపురం, అందుకే బాబాయ్. కొత్తగా వచ్చిన ప్లాస్మా యంత్రం ఆయన చేతికిందే ఉండేది. ద్రవాన్ని సన్నని గొట్టంతో పీల్చి, మంటకన్నా ఎన్నో రెట్లు వేడైన వెలుగులోకి చిమ్మితే, ఏ లోహం ఎంతుందో కాగితం మీద పెన్ను లేచి చూపేది. మామూలుగా అది గటగటా తాగేస్తుంది. నమూనా నాలుగు చుక్కలే ఉంటే మాత్రం బాబాయ్ గొట్టం చివర గోరంత టెఫ్లాన్ గరాటు బిగించి, చుక్కచుక్కగా అందులో వదిలేవాడు. పెన్ను ఒక్కసారి ఎగిరి దిగేది. ఎన్ని చుక్కలున్నా ఆఖరిది వాడనిచ్చేవాడు కాదు. "అది అనుమానానికమ్మా, ఉంచు," అనేవాడు. ఏం చాదస్తమో అనుకునేదాన్ని.

భాలుబాసాలో పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించే గంగయ్య కూతురికి, ఏడాది పిల్లకి, ఫిట్స్ వచ్చాయి. ఒంట్లో సీసం చేరిందని డాక్టరు అనుమానం. సీసాన్ని లాగే ఇంజక్షన్ ఉంది గాని, అంత నీరసించిన పిల్ల కిడ్నీలు తట్టుకోవడం కష్టం. ఊరికే ఇవ్వడానికి లేదు. ఆసుపత్రిలో సీసం కొలిచే వీలు లేక రక్తాన్ని మా ల్యాబుకి పంపారు. దాన్ని ఆమ్లంలో కరిగించగా మా చేతికి వచ్చింది ఐదు చుక్కలు. బాబాయ్ ఆ పూట ఫ్యాక్టరీలో వేరే విభాగానికి వెళ్లాడు. నాకొచ్చు కదా అన్న పొగరుతో నేనే నాలుగు చుక్కలు వేశాను. నాలుగుసార్లూ పెన్ను పైకి లేచింది. డాక్టరుకి ఫోన్ చేసి సీసం చాలా ఉందని చెప్పేశాను.

బాబాయ్ వచ్చి కాగితం చూశాడు.

"పొద్దున్న ఏటి నడిపినావు?"

"సీసం కలిపిన ఉక్కు, బాబాయ్."

"తరవాత ఉత్త ఆమ్లం ఏసి సూసినావా?"

చూడలేదు. నా మొహం! గొట్టాన్ని నీళ్లతో కడిగి ఊరుకున్నాను. ఆయన ఉత్త ఆమ్లం ఒక చుక్క వదిలాడు. పెన్ను దాదాపు అంతే లేచింది. గొట్టంలో మిగిలిన ఉక్కు తాలూకు సీసాన్ని పిల్ల లెక్కలోకి ఎక్కించాను నేను.

"ముందు ఫోన్ సెయ్యి. ఇంజక్షన్ ఆపమను."

"మీరు చెప్పండి బాబాయ్..."

"నేను సెప్తే రేపు ఈ కుర్చీలో కూకోడానికి నీకు మొహం ఉండదు. నువ్వే సెప్పు."

చెప్పాను. ఇంకా ఇవ్వలేదట. తర్వాత ఆయన అడిగాడు: "సుక్క మిగిలిందేటమ్మా?"

మిగిలింది. ఆయన పోరు పడలేక మిగిల్చాను గాని, బుద్ధి ఉండి కాదు. గంటసేపు ఆమ్లంతో కడిగాం. ఉత్త ఆమ్లానికి పెన్ను కదలడం మానేశాక, చుక్కలు వేసే పిపెట్ నా చేతికే ఇచ్చాడు. "వణుకు తగ్గేదాకా ఆగు. అదెక్కడికీ పోదు," అన్నాడు. వేశాను. పెన్ను కాస్త కదిలి ఊరుకుంది. సీసం కాదు. రెండు రోజులకు వేరే జబ్బు బయటపడింది, పిల్ల బతికింది. నా తప్పు సంగతి ఆయన మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

రిటైరయ్యి ఊరెళ్లిపోయాక ఉత్తరాలు రాసేవాడు, ఒకసారి వచ్చి పొమ్మని. "వత్తన్నా బాబాయ్" అని ఆయన యాసలోనే ఏటేటా జవాబు రాశాను. వెళ్లనేలేదు. ఒక ఏడు ఉత్తరం ఆయన కొడుకు దస్తూరీతో వచ్చింది. ఇప్పుడు ఎంత ఏడ్చి ఏం లాభం?

మందు సీసా అలమారలో పెట్టాను. "ఎవరి కోసం దాచుతున్నావ్?" అని మా అమ్మాయి నవ్వింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన గుమ్మంలో నిలబడి అడిగితే, మిగిలింది బాబాయ్ అని చెప్పాలని ఉంది.