చెంబు మీది తెల్ల మెరుపు

ఆ రోజు మామూలుగానే పప్పుచారు చేశాను. మా ఆయన రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టి, "ఇండ్ల ఇనుపముక్క ఏసినవా ఏంది? నోరంత తుప్పు తుప్పున్నది" అన్నాడు. అదే చారు నేనూ తిన్నాను. నాకు పులుపూ ఉప్పూ తప్ప ఏమీ తగలలేదు. ఎండలకు నాలుక చెడి ఉంటుందిలే అని ఊరుకున్నాను.

మాది జనగామ. మా ఆయన బడిలో డ్రాయింగ్ సారు. మా పెళ్లయిన ఏడాదే, అరవై తొమ్మిదిలో, తెలంగాణ కావాలని పిల్లలంతా రోడ్ల మీదికి వచ్చారు, బడులు మూతబడ్డాయి. ఊరికే కూర్చోలేక ఆయన నా వంటింటి మీద పడ్డాడు. ఇత్తడి చెంబు, ఉప్పు జాడీ, ఉల్లిగడ్డలు, పప్పుగుత్తి కిటికీ దగ్గర పీట మీద పెట్టి, ఆయిల్ రంగుల్లో బొమ్మలు వేసేవాడు. దేవుళ్ల బొమ్మలు వేస్తే నలుగురూ మెచ్చుకుంటారు కదా అంటే, "దేవున్ని ఎవలు సూసిండ్రు? గీ చెంబునైతె రోజూ సూస్తున్న" అనేవాడు. బొమ్మ పూర్తయ్యే దాకా పీట మీది వస్తువు కదలకూడదు. ఉల్లిగడ్డలు అక్కడే మొలకలెత్తేవి. పప్పుగుత్తికి సెలవు దొరకక నేను గరిటెతోనే పప్పు మెదిపేదాన్ని. బడులు తెరిచాక కూడా ఆయన పిచ్చి తగ్గలేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా ముదిరింది.

నోటి తుప్పు తర్వాత కడుపునొప్పి మొదలైంది. ఉండుండి మెలిపెట్టేది, మనిషి చాప మీద ముడుచుకుపోయేవాడు. మలబద్ధకం. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. ఒక డాక్టరు గ్యాస్ ట్రబుల్ అన్నాడు. ఇంకొకాయన అపెండిక్స్ అని అనుమానపడి, పొట్ట నొక్కి చూసి కాదన్నాడు. రక్తం పరీక్ష చేసి "ఎనీమియా ఉంది, ఐరన్ టానిక్ తాగాలె" అన్నారు. టానిక్ తాగితే నోట్లో తుప్పు ఇంకా ఎక్కువైందన్నాడు. ఏది జబ్బో, ఏది మందో నాకు అంతుపట్టేది కాదు.

వేసవి సెలవుల్లో వాళ్ల అక్క రామక్క వచ్చి ఆయన్ని మానుకోట తీసుకుపోయింది. సెలవులయ్యేసరికి తేరుకుని వచ్చాడు. జనగామలో బడి మొదలైన కొన్నాళ్లకే మళ్లీ అదే నొప్పి. దసరాకు అక్క ఇంటికి పోయాడు, మళ్లీ బాగయ్యాడు. తిరిగి వచ్చాడు, మళ్లీ పడ్డాడు.

మా దిక్కు 'మందు పెట్టుడు' అని ఒక నమ్మకం ఉంది. మొగుడు తన మాట వినాలని పెండ్లాం అన్నంలో ఏదో కలిపి పెడుతుందని, అది కడుపులో గడ్డకట్టి మనిషిని తినేస్తుందని అంటారు. రామక్క ఆ మాట నా మొహం మీదే అడిగింది. "నా ఇంట్ల తింటె మంచిగుంటడు, నీ ఇంట్ల తింటె పడ్తడు. నేనేమనుకోవాలె పిల్లా?" ఆ తర్వాత మా ఇంటికి వస్తే తన అన్నం టిఫిన్ డబ్బాలో తానే తెచ్చుకునేది. నా చేతి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు.

నాకు కోపం కంటే ముందు భయం వేసింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు కదా! నా ఇంట్లో ఉంటేనే ఆయనకు జబ్బు చేస్తోంది. నేనూ అదే తింటున్నాను అన్న మాట నాకే చాలడం లేదు. ఇత్తడి గిన్నెలో చారు కిలుం పడుతోందేమోనని కళాయి వేయించాను. నూనె మార్చాను, ఉప్పు మార్చాను. ఆయన ముందే మొదటి ముద్ద నేను తిని చూపించేదాన్ని. మొదట్లో నవ్వేవాడు. పోనుపోను నేను తినే దాకా ఆగడం మొదలుపెట్టాడు. అది చూసిన రోజు, బచ్చన్నపేటలో మా అమ్మగారింటికి పోయి మళ్లీ రాకూడదనుకున్నాను.

మనిషి మతి కూడా మారింది. ఊరికే అరిచేవాడు. ఒకరోజు పీట మీది చెంబును చూపించి, "గిది ఎవలిదే?" అన్నాడు. అది పెళ్లిలో మా అమ్మ పెట్టిన చెంబు. దాన్ని ఆయన ఎన్ని బొమ్మల్లో వేశాడో! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కురవి దిక్కు ఒక ఊళ్లో మందు కక్కించే మనిషి ఉన్నాడని రామక్క మా ఇద్దరినీ తీసుకుపోయింది. అతను ఆకు పసరు తాగించి, పేగులు బయటపడేటట్టు వాంతి చేయించాడు. అందులోంచి చింతగింజంత నల్ల ముద్ద తీసి, "గిదే మందు. ఇంటి మనిషే పెట్టింది" అన్నాడు. అందరూ నన్ను చూశారు. నేను ఆ ముద్దను చూశాను. నిజంగానే నేనే పెట్టానేమో, పెట్టి మరిచిపోయానేమో అని ఒక్క క్షణం అనిపించింది. నా బుర్ర అంత చెడిపోయి ఉంది. ఆయన మూతి తుడుచుకుంటూ "ఇంటికి పోదాం పా" అన్నాడు. ఎవరి ఇంటికో చెప్పలేదు.

చలికాలంలో ఆయన కుడి చెయ్యి మణికట్టు దగ్గర వేలాడిపోయింది. బ్రష్షు పట్టుకున్నా పైకి లేవదు. "సుశీలా, గీ చెయ్యి నాది కాదే" అని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. పక్షవాతం అన్నారు. వరంగల్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. రామక్క తన డబ్బాతో వెంట వచ్చింది.

అక్కడ పెద్ద డాక్టరు చెయ్యి చూసి, పక్కవాళ్లతో "రిస్ట్ డ్రాప్" అన్నాడు. నోరు తెరిపించి చిగుళ్లు చూశాడు. పళ్ల మొదట్లో సన్నటి నీలి గీత ఉంది. "ప్రెస్సుల పనిచేస్తవా? బ్యాటరీల పనా?" అని అడిగాడు. "కాదు సార్, డ్రాయింగ్ టీచర్ను." డాక్టరు నా వైపు తిరిగాడు. అన్నం గురించే అడుగుతాడనుకున్నాను. రామక్క ఒక అడుగు ముందుకు జరిగి, "సెలవులల్ల నా ఇంట్ల ఉంటె మంచిగుంటడు సారూ" అంది.

"ఏమ్మా, ఇంట్ల నువ్వు చెయ్యని పని ఈయన ఏం చేస్తడు?" అన్నాడు డాక్టరు.

అన్నాళ్లూ అందరూ నేనేం పెట్టానని అడిగినవాళ్లే. ఆయనేం చేస్తాడని ఎవరూ అడగలేదు. నేను చెప్పాను. ఆయిల్ బొమ్మలు వేస్తాడు. ట్యూబు రంగులు హైదరాబాద్ నుంచి రావాలి, అందులో తెలుపు ముందు అయిపోతుంది. అందుకని తలుపులకు వేసే సఫేదా పొడి తెచ్చి, అవిసె నూనె పోసి, వరండాలో బండ మీద తానే నూరుకుంటాడు. చెంబు మీద సన్నగా తెల్ల మెరుపు పెట్టాలంటే బ్రష్షు గుడ్డకు తుడిచి, ఇట్లా పెదవుల మధ్య పెట్టి మొన తీస్తాడు. చేత్తో చేసి చూపిస్తుంటే నా వేళ్లు నా నోటి దగ్గరే ఆగిపోయాయి.

"ఆ సఫేదాల సీసం ఉంటదమ్మా, ప్రెస్సు అచ్చులల్ల, బ్యాటరీలల్ల ఉండేదే. లెడ్ పాయిజనింగ్" అన్నాడు డాక్టరు. "నూరినప్పుడు దుమ్ము, తర్వాత బ్రష్షు. సెలవులల్ల అక్క ఇంట్ల బొమ్మలు ఏస్తడా?"

"ఎయ్యడు సారూ" అంది రామక్క.

గ్లూకోజ్‌లో కలిపి సీసాన్ని ఒంట్లోంచి బయటికి లాగే ఇడిటిఏ అనే ఇంజక్షన్ ఎక్కించారు. తగ్గిందని సంతోషపడేలోపు కడుపునొప్పి మళ్లీ వచ్చింది. మళ్లీ నా చారే గుర్తొచ్చింది. "ఎముకల్ల దాగిన సీసం మెల్లగ రక్తంలకు దిగుతది, పరేషాన్ కావొద్దు" అని డాక్టరు ఇంకో విడత ఇచ్చాడు. మణికట్టు వాలకుండా చేతికి స్ప్లింట్ బద్ద కట్టారు. రోజూ ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకుని పైకి లేపించేదాన్ని. చాలా నెలలకు ఒక ఉల్లిగడ్డను ఎత్తి పీట మీద పెట్టాడు.

ఒక మధ్యాహ్నం రామక్క మానుకోట నుంచి వచ్చింది. చేతిలో డబ్బా లేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి తమ్ముడి పక్కన పీట వాల్చుకుని, "ఆకలైతున్నది పిల్లా, అన్నం పెట్టు" అంది. ఇద్దరికీ వడ్డించి, అలవాటు కొద్దీ మొదటి ముద్ద నేను తినబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపి, తన కంచంలో ముద్ద తాను కలుపుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు ఆయన మళ్లీ బొమ్మలు వేస్తున్నాడు. తెలుపు మాత్రం సీసం లేనిదే, ట్యూబులో వచ్చేదే వాడతాడు. జబ్బు పడ్డప్పుడు ఆగిపోయిన బొమ్మ వంటింటి గోడకు ఉంది. అందులో చెంబుకు మెరుపు లేదు. పెట్టనా అని అడుగుతుంటాడు. వద్దంటాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. దవాఖానకు పోతే ఏం తిన్నారో చెప్పి ఊరుకోకండి. రోజూ ఏం పని చేస్తారో, ఆ పనిలో ఏవి చేతికి అంటుతాయో, ఏవి నోటికి తగులుతాయో డాక్టరు అడగకపోయినా చెప్పండి.

మా ఇంట్లో ఇప్పుడు మొదటి ముద్ద ఎవరికి ఆకలైతే వాళ్లు తింటారు.