నా స్నో సీసా నిర్దోషి

శివరాత్రి వెళ్ళి ఎండ ముదురుతున్న రోజులవి. మొదటి గంట పాఠం చెబుతున్నాను. నల్లబల్ల మీద రాస్తుండగా ఎవరో పచ్చిమిరపకాయ చిదిమి మొహాన రుద్దినట్టు మంట మొదలైంది. కొంగుతో అద్దుకున్నాను. కొంగు తగిలిన చోట ఇంకా మండింది. ఇటు తిరిగేసరికి ముందుబల్ల పిల్లలందరూ పుస్తకాలు వదిలేసి నా మొహం కేసి చూస్తున్నారు. అంత శ్రద్ధగా వాళ్ళు నా పాఠం ఎన్నడూ వినలేదు.

మాది అనంతపురం వైపు. మా వారికి సికింద్రాబాదులో రైల్వే ఆఫీసులో ఉద్యోగం. తార్నాకలో ఒక మేడ మీద పై వాటాలో ఆయనా, నేనూ, మా అత్తగారూ ఉంటాం. యూనివర్సిటీ ఆవరణలో ఉన్న కాలేజీలో నేను ఆడపిల్లలకు తర్కశాస్త్రం చెబుతాను. ఇంటికొచ్చాక కూడా అదే చెబుతానని మా వారి ఫిర్యాదు.

నా మొహం సంగతి ముందుగా చెప్పాలి. పొద్దున సబ్బు. ఆ తర్వాత సున్నిపిండి ముద్ద. అది తుడిచాక స్నో, దాని మీద పలుచగా పౌడరు, కాటుక, కుంకుమ. రాత్రి పన్నీరులో కలిపిన గ్లిజరిన్. నలభై దాటినదానికి ఇంత సింగారమెందుకని అడిగేవాళ్ళకు నా జవాబు ఒకటే. నలభై దాటిన మొగవాళ్ళు రోజూ గడ్డం గీసుకుని పటిక రుద్దుకోవడం లేదా? వాళ్ళది శుభ్రం, మాది సింగారమా?

వీటన్నింటిలో నాకు ప్రాణం స్నో అనే ఆ తెల్ల క్రీము. తెల్లటి గాజుసీసా, మూత తీయగానే చల్లటి వాసన. కాలేజీ చదువుకునే రోజుల నుంచీ వాడుతున్నాను. మా అత్తగారికి దాన్ని చూస్తే ఒళ్ళు మంట. కాబట్టి ఆ సాయంత్రం నేను ఎర్రటి మొహంతో గడప తొక్కగానే తీర్పు వచ్చేసింది.

"ఆ తెల్లది పూసుకోవద్దని మొదట్నుంచీ చెప్తానే ఉండాను. ఇనేదెవరు? చదువుకున్నోళ్ళాయె."

"ఇరవై ఏళ్ళుగా పూస్తున్నాను అత్తా. ఇరవై ఏళ్ళు ఊరుకుని ఇవాళ కరిచిందా అది?"

"పాము కూడా అంతే. ఊరుకున్నన్ని దినాలు ఊరుకుంటాది."

మా వారు పేపరు చాటున నవ్వుకున్నారు. ఆయన నవ్వు సంగతి తర్వాత చూసుకున్నాను.

మంట తగ్గలేదు. నాలుగు రోజుల్లో నుదురు, బుగ్గలు, ముక్కు మీద చర్మం పొంగి ఎర్రబడింది. సికింద్రాబాదులో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మనిషి పెద్దవాడు, మాట మెత్తన. బల్లదీపం నా మొహం మీదికి తిప్పి చాలాసేపు చూశాడు.

"ఏమేం పెడతరమ్మా మొఖానికి?"

చెప్పాను. స్నో దగ్గరికి వచ్చేసరికి ఆయన తల ఊపడం మొదలుపెట్టాడు.

"కాంటాక్ట్ డెర్మటైటిస్ అనిపిస్తున్నది, పూసిందేదో పడలే. స్నో బంద్ చెయ్యున్రి. పౌడర్ బంద్. సబ్బు గూడ వద్దు, స్కిన్ ఇరిటేట్ అయితది."

"స్నో అని మీరెలా నిర్ణయించారు? పౌడరు కాకూడదా? సబ్బు కాకూడదా?"

"పదిమందిల ఎనిమిదిమందికి గదే ఉంటదమ్మా."

"నేను మిగిలిన ఇద్దరిలో దాన్నయితే?"

ఆయన నవ్వి కాలమైన్ లోషనూ, రాత్రి వేసుకోవడానికి దురద తగ్గే యాంటీహిస్టమిన్ మాత్రలూ రాశాడు. తర్కంలో ఓడిపోయి ఇంటికొచ్చాను. స్నో సీసాను బీరువాలో పై అరలో పెట్టి తాళం వేశాను. మా అత్తగారు ఆ రోజు పాయసం చేశారు.

సబ్బు కూడా వద్దన్నారు కాబట్టి ఇక మొహానికి మిగిలింది సున్నిపిండి. దాని గురించి ఎవరికీ అనుమానం లేదు. డాక్టరు అడగలేదు, నేను నొక్కి చెప్పలేదు. పప్పుతో కడుక్కోవడం కూడా ఒక పూతేనా? అత్తగారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పెట్టుకోమన్నారు. నేనూ అలాగే పెట్టుకున్నాను.

ఇక్కడ నా పిండి ఎలాంటిదో చెప్పాలి. మా అత్తగారు చేసేదానిలో పెసరపిండి సోలెడు ఉంటే, కచ్చూరాలు, బావంచాల గింజలు, ఎండిన గులాబీరేకులు వాసనకు గుప్పెడు. ఒంటికి రుద్దుకుని బిందెలతో నీళ్ళు పోసుకుంటే పోతుంది. నాకు ఆ లెక్క నచ్చలేదు. పప్పులో ఏముంది, గుణమంతా మూలికల్లోనే కదా అని పెసరపిండి బాగా తగ్గించి, బావంచాలు దండిగా వేసి, శివరాత్రి ముందు మొహానికని వేరేగా మర ఆడించి డబ్బాకు పోసుకున్నాను. చర్మానికి బావంచాలంత మంచివి లేవని మా అమ్మమ్మ కూడా అనేది. ఆ ముద్ద మొహానికీ మెడకూ పట్టించి, పేపరు చదివినంతసేపూ ఉంచుకుని, తడిగుడ్డతో తుడుచుకునేదాన్ని. వేసవిలో మా కుళాయి పొద్దున కాసేపు వచ్చి పోతుంది. ఆ నీళ్ళు వంటకే చాలవు, మొహాల మీద పోసుకోవడానికెక్కడివి? అలా తుడుచుకుని, యూనివర్సిటీ రోడ్డు వెంబడి ఎండలో కాలేజీకి నడిచి వెళ్ళేదాన్ని.

స్నో మానేశాక తగ్గాల్సింది పోయి బుగ్గల మీద బొబ్బలు లేచాయి. అవి పగిలి ఆరిన చోటల్లా నల్లగా మచ్చలు తేలాయి. మాత్రల మత్తుకు క్లాసులో నిలబడి తూగుతున్నాను. సికింద్రాబాదు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండడం మొదలైంది. ఆ ఖాళీ ఏమిటో నాకు తెలుసు. కుష్ఠు, పెద్దరోగం అనే మాట ఎవరూ నా ముందు అనలేదు. అనవలసిన పని లేకుండా పక్కకు జరిగేవారు.

ఒకనాడు ప్రిన్సిపాల్ పిలిపించారు. ఆమె నాకంటే పెద్దది, కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తురాలు. కుర్చీ చూపించింది గాని ఆ కుర్చీ రోజూ ఉండేచోటు కంటే బల్లకు దూరంగా ఉంది.

"ఒక అమ్మాయి తల్లి వచ్చి వెళ్ళిందమ్మా. పిల్లలు భయపడుతున్నారంట. మీరు కొన్నాళ్ళు లాంగ్ లీవ్ పెట్టండి. మిగిలిన పాఠం ఎవరికో ఒకరికి అప్పజెప్పుదాం."

"నాది అంటుకునే జబ్బని ఎవరు తేల్చారండీ?"

"కాదని కూడా ఎవరూ తేల్చలేదుగా."

అది సరైన వాదనే. నాకు కోపం వచ్చింది కూడా అందుకే. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఏడాదంతా చెప్పిన క్లాసును చివర్లో వదిలి ఇంట్లో కూర్చుంటే, రోగమని నేనే సంతకం పెట్టినట్టు. మళ్ళీ జూన్‌లో ఆ గదిలోకి నన్ను ఎవరు రానిస్తారు? డాక్టరు చేత కారణం చెప్పిస్తాననీ, అంతవరకూ లైబ్రరీలో కూర్చుంటాననీ ఒప్పించి బయటపడ్డాను.

ఆ సాయంత్రం అద్దం ముందు కూర్చున్నాను, ఏడవడానికి కాదు. పాఠంలో పిల్లలకు చెప్పేదే నాకు నేను చెప్పుకున్నాను. ఎక్కడ ఉందో చూడు, ఎక్కడ లేదో కూడా చూడు. నుదుటి మీద ఉంది, బుగ్గల మీద ఉంది, మెడకు రెండు పక్కలా ఉంది. గడ్డం కింద నీడపడే చోట లేదు. చెవుల వెనక లేదు. ముద్ద అక్కడా పట్టించాను మరి. ముంజేతులూ మొహంతో పాటే రోజూ ఎండలో నడిచాయి, వాటికేమీ లేదు. ముద్ద ఒక్కటే కారణమైతే గడ్డం కింద మండాలి. ఎండ ఒక్కటే అయితే చేతులు మండాలి. రెండూ కలిసిన చోటే మండింది.

మా వారికి చెప్పాను. "ఇది క్లాసు కాదు, సెలవు పెట్టు" అన్నారు.

నేను సెలవు పెట్టలేదు, పరీక్ష పెట్టాను. బీరువా తాళం తీసి స్నో సీసా దించాను. ఎడమ ముంజేతి మీద ఒక చోట స్నో, ఇంకొక చోట నా పిండి ముద్ద. కుడిచేతి మీద కూడా అలాగే రెండూ రాసి, ఆ చేతికి నల్లగుడ్డ మందంగా చుట్టాను. ఎడమచేయి ఎండలో చాపుకుని డాబా మీద కూర్చున్నాను. బట్టలు ఆరేయడానికి వచ్చిన ఇంటి ఓనరమ్మ నన్ను చూసి ఆగిపోయింది.

"ఏంది టీచరమ్మా, చెయ్యి ఎండబెడుతున్నరా? వడియాల లెక్క?"

"కాకులు రాకుండా మీరు కాస్త కాపలా ఉండండి."

"గా చేతికి నల్లగుడ్డెందుకు కట్టినరు, దిష్టికా?"

"ఆ చెయ్యి సాక్షి అమ్మా. ఈ చెయ్యి ముద్దాయి."

ఆమె నేరుగా మా అత్తగారి దగ్గరికి పోయి నాకు తలకు కూడా ఎక్కినట్టుందని చెప్పిందట.

రెండు రోజులకు తేలింది. కుడిచేతి మీద ఏమీ లేదు. ఎడమచేతి మీద స్నో రాసిన చోటు పుట్టినప్పటిలాగే ఉంది. పిండి రాసిన చోట ఎర్రటి మచ్చ, నడుమ చిన్న బొబ్బ.

రెండు చేతులూ, పిండి డబ్బా తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చేతులు చూశాడు, డబ్బా వాసన చూశాడు.

"ఇండ్ల ఏమేం వేసిన్రు?"

చెబుతూ పోయాను. బావంచాలు అనగానే పెన్ను కింద పెట్టేశాడు.

"బావంచాలా? ఎంత?"

"సగానికి పైగా."

"అమ్మా, బొల్లి మచ్చలకు మేం వాడే మందు గీ గింజల్లనే ఉంటది. పూసి ఎండల నిలబడుమంటం, తెల్ల మచ్చ నల్లగ కావాలెనని. మీరు బొల్లి లేకుండనే ఆ ట్రీట్‌మెంట్ చేసుకున్నరు. దీన్ని ఫోటోసెన్సిటివిటీ అంటం. ఇప్పుడున్నది పోస్ట్ ఇన్‌ఫ్లమేటరీ పిగ్మెంటేషన్, మంట పోయినంక మిగిలే నలుపు. పోతది, టైమ్ పడతది."

"స్నో?"

"స్నోది ఏం తప్పు లేదు" అని, డబ్బా మూత బిగిస్తూ, "ముందే పిండి గురించి అడగాల్సుండె నేను" అన్నాడు. పెద్దమనిషి. ఓడినప్పుడు ఒప్పుకునే మగవాడిని నేను చూడడం అదే మొదటిసారి. అంటుకునేది కాదని అక్కడికక్కడే రాసిచ్చాడు. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఇచ్చి, పలుచగా వారం రోజులు మాత్రమే రాయాలని, బాగుందని సాగదీస్తే చర్మం పాడవుతుందని గట్టిగా చెప్పాడు.

మర్నాడు ప్రిన్సిపాల్ ఆ కాగితం చదివింది.

"సరేనమ్మా, అంటుకోదు. అయినా మచ్చలు పోయేదాకా..."

"మచ్చలున్నవాళ్ళు తర్కం చెప్పకూడదని రూలుంటే చూపించండి. చూసి వెళ్ళిపోతాను."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. నా వెంటే క్లాసుకు వచ్చి చివరి బల్ల మీద కూర్చుంది. నేను కొంగు సర్దుకోలేదు, మొహం పక్కకు తిప్పుకోలేదు. కిటికీ పక్కన వెలుతురులో నిలబడి, "ఇవాళ పాఠం కారణం. ఉదాహరణ నా మొహం" అన్నాను. ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అని వాళ్ళనే చెప్పమన్నాను. రెండు చేతులూ చాపాను. మొదట గుసగుసలు, తర్వాత వాదన, ఆ తర్వాత గోల. అరగంట కాకముందే "రెండూ కలిస్తేనే మేడం" అని మూడో వరుస నుంచి జవాబు వచ్చింది. ఆ అమ్మాయి తల్లే నా మీద ఫిర్యాదు చేసిందని తర్వాత తెలిసింది. ఆ పిల్లే మళ్ళీ లేచి, "మా ఇంట్ల పిండిల గూడ బావంచాలుంటయి మేడం" అంది. గంట మోగాక ప్రిన్సిపాల్ వరండాలో నా పక్కన నడుస్తూ, ఎవరూ వినకుండా, "మరి నా పిండిలోనూ ఉన్నాయండీ, తీసేయమంటారా?" అని అడిగింది. ఈసారి మా ఇద్దరి మధ్య కుర్చీ దూరం లేదు.

ఆ ఏడాది పిల్లలందరికీ నేనే చివరిదాకా చెప్పాను.

మచ్చలు ఒక్కసారిగా పోలేదు. వానాకాలమంతా గొడుగు వేసుకుని తిరిగాను, వాన ఉన్నా లేకపోయినా. దసరా నాటికి దగ్గరగా చూస్తే తప్ప తెలియనంత పలచబడ్డాయి. ఇప్పుడు ఎడమ బుగ్గ మీద చిన్న నీడ ఒకటి మిగిలింది. దాన్ని నేను పౌడరుతో కప్పను.

ఇప్పటి నా దినచర్య చిన్నది. పొద్దున మెత్తటి సబ్బు, చన్నీళ్ళు. మొహం తడి పూర్తిగా ఆరకముందే శనగగింజంత స్నో. గొడుగు. సాయంత్రం మళ్ళీ నీళ్ళు, పడుకోబోయే ముందు గ్లిజరిన్. మా అత్తగారు సున్నిపిండి కొడుతూనే ఉన్నారు, బావంచాలు లేకుండా. ఒంటికి రుద్దుకుని బోలెడు నీళ్ళు పోసుకుంటాను. ఆమె మాత్రం తన పిండిలో ఏనాడూ తప్పు లేదనీ, నా తెలివే దానిలో ఎక్కువ పడిందనీ ఊరంతా చెబుతారు. ఆ ఒక్క వాదన నేనూ ఒప్పుకున్నాను. బీరువాకు ఇప్పుడు తాళం వేయడం లేదు గాని, స్నో సీసా నేను వాడే దానికంటే త్వరగా అయిపోతోంది. మొన్న దగ్గరికి వెళ్తే మా అత్తగారి బుగ్గల నుంచి చల్లటి వాసన వచ్చింది. ఈసారి బజారుకెళ్ళినప్పుడు రెండు సీసాలు కొన్నాను.

చదివే అక్కచెల్లెళ్ళకు ఒక్క మాట. కొత్తది ఏదైనా, కొట్లో కొన్నదైనా, అమ్మమ్మ చెప్పినదైనా, మొహానికి రాసే ముందు ముంజేతి మీద కొంచెం రాసి, ఆ చేతిని ఎండలోకి తీసుకెళ్ళి, రెండు రోజులు ఆగండి. చెయ్యి పాడైతే రవిక చేతుల కింద దాచుకోవచ్చు. మొహం పాడైతే, దాన్ని మోసుకుని క్లాసుకు వెళ్ళాలి. నేను వెళ్ళాను, వెళ్ళవచ్చు. కానీ ముంజేతితో పోయేదానికి అంత వాదన దేనికి?